కాల్చిన చేతితోనే

చుక్కలమ్మకు మనుషులంటే అసహ్యమని కార్ఖానాలో అందరూ అనుకునేవారు గాని, అది ఆమెను ఎక్కువచేసి చెప్పడమే. అసహ్యించుకోవాలన్నా ముందు ఎదుటివాణ్ణి మనిషిగా లెక్కవెయ్యాలి. ఆమె అంతదూరం వెళ్ళేది కాదు. పొద్దున్నే గేటు దాటి, మట్టి పిసికేవాళ్ళనూ పొట్టు జల్లించేవాళ్ళనూ దారిలో పడున్న బెడ్డల్లా తప్పించుకుంటూ నడిచి, తన పరీక్షగదిలోకి పోయి తలుపేసుకునేది. ఎవరైనా నమస్కారం పెడితే ఈగను తోలినట్టు తల విదిలించేది. ఎదురుగా ఆమెను అందరూ మేడమ్ అనేవారు. చుక్కలమ్మ అన్నది వెనక పేరు. అది ఆమె చెవిన పడకపోలేదు. పట్టించుకోలేదంతే.

ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆ కార్ఖానాలో ఏం చేస్తారో తెలియాలి. అక్కడ తయారయ్యేది ఒకటే వస్తువు, నీళ్ళు వడపోసే కుండ. మట్టిలో సన్నగా జల్లించిన రంపపు పొట్టు కలిపి, అచ్చులో నొక్కి, నీడన ఆరబెట్టి, బట్టీలో కాలుస్తారు. కాలేటప్పుడు పొట్టు బూడిదైపోయి, అది ఉన్నచోటల్లా కంటికి ఆననంత సన్నటి సందులు మిగులుతాయి. ఆ కుండను కుళాయి బిగించిన బకెట్లో కూర్చోబెట్టి కాలువ నీళ్ళు పోస్తే, గోడల్లోంచి నీళ్ళు ఊరి చుక్కచుక్కగా బకెట్లోకి దిగుతాయి. రోగాలు తెచ్చే బాక్టీరియా ఆ సందుల్లో దూరలేక లోపలే ఉండిపోతుంది. బట్టీలో మంట తొందరపడితే మాత్రం కుండ గోడలో వెంట్రుకకన్నా సన్నటి చీలికలు పడతాయి. అప్పుడు అది వడపోతా కాదు, కుండా కాదు.

ఏది మంచి కుండో ఏది కాదో తేల్చడం చుక్కలమ్మ పని. బకెట్ కుళాయి తిప్పి, వడిసిన నీళ్ళు కాస్త గాజుపళ్ళెంలోకి పట్టి, మూతపెట్టి, వెచ్చటి పెట్టెలో ఒక రాత్రి ఉంచుతుంది. మర్నాటికి పళ్ళెం ఖాళీగా ఉంటే కుండ మంచిది. ఎర్రచుక్కలు మొలిస్తే చెడ్డది. ఒక్కో చుక్క ఒక్కో బాక్టీరియా పెట్టుకున్న కాపురం. ఆమె చేతికి తొడుగులు తొడుక్కుని, నోటికి గుడ్డ కట్టుకుని, పళ్ళేన్ని కిటికీ వెలుతురుకెత్తి చుక్కలు చూసే తీరు చూస్తే, లోకంలో ఆమె ప్రేమగా చూసేది వాటినే అనిపిస్తుంది.

ఆ గదిలోకి ఇంకొకరు రావడం ఆమెకు కిట్టదు. పొట్టిపిన్ని అని ఒకామె ఇదివరకు వారానికోసారి పరీక్ష బకెట్లు తీసుకుపోయి కడిగి తెచ్చేది. ఒకనాడు కబుర్లలో పడి ఒక కుళాయి నేలమీద జారవిడిచి, ఒంటికి తుడిచి మళ్ళీ బిగించబోతుంటే చుక్కలమ్మ కంటబడింది. "ఇంకెప్పుడూ నా బకెట్ల మీద మీ చేతులు పెట్టకండి" అని బయటికి పంపేసింది. అప్పట్నుంచీ ఆమే రోజూ సబ్బునీళ్ళతో తొలిచి బోర్లించుకుంటోంది. అది జరిగి నెల దాటింది.

ఈమధ్య పళ్ళేల్లో చుక్కలు మొలుస్తున్నాయి. మొదట ఒకటీ అరా కనిపిస్తే ఆమె ఆ కుండల్ని మాత్రం పక్కన పెట్టించింది. తరవాతి బట్టీకి చుక్కలు పెరిగాయి. ఇవాళ తీసిన పళ్ళెం కందిపోయిన చెంపలా ఉంది. అవి కాలువ అవతలి పేటకు పోవలసిన కుండలు. అక్కడ కాలువ నీళ్ళు తాగి ఇంటికొకరు వాంతులూ విరేచనాలతో పడిపోతున్నారు, కుండలెప్పుడొస్తాయని రోజూ కబురంపుతున్నారు. చుక్కలమ్మ పళ్ళెం పట్టుకుని బట్టీ దగ్గరికి వెళ్ళింది. ఆమె అలా వెళ్ళడం అరుదు కాబట్టి, పని చేస్తున్నవాళ్ళందరూ చేతులాపి చూశారు.

బట్టీ కాల్చేది పెద్దమ్మ. ఎవరికి పెద్దమ్మో ఎవరూ అడగలేదు, అందరికీ పెద్దమ్మే. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. కనుబొమ్మలు ఎప్పుడో బట్టీకి ధారపోసింది. "నాకు ఆశ్చర్యమేస్తే మీకెలా తెలుస్తుందర్రా, ఎత్తడానికి కనుబొమ్మలుంటేగా" అని నవ్విస్తుంది. యజమాని రావడం చూస్తే "అదిగో పొట్ట, వెనకాల మనిషి కూడా వస్తున్నట్టున్నాడు" అంటుంది. ఆమె ఎదుట నిలబడి నెగ్గుకొచ్చినవాడు ఆ కార్ఖానాలో లేడు. చుక్కలమ్మ మాత్రం ఆమెను పెద్దమ్మా అని పిలిచిన పాపాన పోలేదు. 'మీరు' అంటుంది. ఆ 'మీరు'లో మర్యాదకన్నా ఎడమే ఎక్కువ.

"ఈ బట్టీ కూడా పోయింది," అంది చుక్కలమ్మ, అందరికీ వినపడేట్టు. "మీకు మంట పట్టు తప్పింది. కళ్ళతో నిప్పు చూసి కాల్చే వయసు దాటిపోయింది మీకు. తెలుసుకుంటే బాగుంటుంది."

పెద్దమ్మ ఒక కుండ అందుకుని వేలి కణుపుతో కొట్టింది. కుండ ఖంగుమంది. "మోత విను అమ్మాయ్. చీలికుంటే ఇలా పలుకుతుందా?"

"మోతకు బాక్టీరియా చావదు. ఇదిగో పళ్ళెం."

పెద్దమ్మ పళ్ళెంలోకి వంగి చూసింది. చుక్కలమ్మ లోపల నవ్వుకుంది. ఇప్పుడు మొదలవుతుంది, ఆడలేక మద్దెల ఓడన్నట్టు మట్టిని తిడుతుంది, పొట్టు మీద పెడుతుంది, కట్టెలు పచ్చివంటుంది అనుకుంది. పెద్దమ్మ అలాంటిదేమీ అనలేదు.

"నువ్వే పట్టావా నీళ్ళు? నువ్వే చూశావా?"

"నేను కాక ఇంకెవరు చూస్తారిక్కడ?"

"అయితే సరే," అంది పెద్దమ్మ.

యార్డంతా బిత్తరపోయింది. చుక్కలమ్మకు మాత్రం ఏమీ వింతగా తోచలేదు. తప్పు చేసినవాళ్ళ నోరు అలాగే పడిపోతుందని ఆమె లెక్క.

యజమానికి ఈ కబురు చేదుగా ఉండాలి గాని, పంచదారలా ఉంది. ఆయన బావమరిది ఏడాదిగా కార్ఖానాలో తిరుగుతున్నాడు. ఏం పని అంటే చెప్పడం కష్టం. చెట్టు నీడతో పాటు కుర్చీ జరుపుకోవడం ఒకటి కచ్చితంగా చేస్తాడు. వాడికి బట్టీ అప్పగించాలని యజమాని భార్య పోరు. పెద్దమ్మను కదిలించే ధైర్యం లేక యజమాని ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు. ఇప్పుడు సైన్సే వచ్చి చేతిలో కర్ర పెట్టింది. పెద్దమ్మను పిలిపించి, వయసు గురించీ విశ్రాంతి గురించీ చాలా దయగా మాట్లాడి, రేపట్నుంచి పొట్టుగదిలో జల్లెడ పట్టమన్నాడు. ఇదంతా చుక్కలమ్మ పక్కనే నిలబడి వింది. యజమాని ఎత్తు ఆమెకు తెలియక కాదు. వాడొక నక్క అనుకుంది, బావమరిది ఒక దద్దమ్మ అనుకుంది. ఐతే నాకేం, నేను చెప్పింది నిజం, నిజాన్ని ఎవడు దేనికి వాడుకుంటే నాకేమిటి అనుకుంది.

ఆ కార్ఖానాలో ఒక కట్టుబాటుంది. తప్పిన కుండల్ని ఎవరు కాల్చారో వాళ్ళే, అందరూ చూస్తుండగా పగలగొట్టాలి. చెడ్డ కుండ చాటుగా ఎవరింటికో చేరకూడదని ఎప్పుడో పెట్టుకున్నది. కొయ్యసుత్తితో అడుగున ఒక్క దెబ్బ. పెంకుల్ని పొడిచేసి మళ్ళీ మట్టిలో కలుపుతారు.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ యార్డు మధ్యలో పీట వేసుకుని కూర్చుంది. మోసేవాళ్ళు కుండలు తెచ్చి పక్కన పెడుతున్నారు. మొదట్లో "ఇది మా ఆడపడుచు" "ఇది మా ఇంటాయన, గట్టిగా వెయ్యాలి" అంటూ సుత్తి వేసింది. అందరూ నవ్వారు. కొంతసేపటికి ఆమె మాట్లాడటం మానేసింది. కుండను ఒళ్ళో బోర్లించుకోవడం, అరచేత్తో ఒకసారి తడమడం, దెబ్బ వెయ్యడం. ప్రతి కుండకూ తడిమింది. పెంకులు చీలమండల దాకా పేరుకున్నాయి. పొట్టిపిన్ని వచ్చి "నేను కొడతాలే అక్కా" అంటే చేత్తోనే పక్కకు తోసింది. చుక్కలమ్మ తన కిటికీలోంచి కాసేపు చూసి, ఇంత నాటకమెందుకు, మట్టికుండలేగా అనుకుని కిటికీ రెక్క వేసుకుంది.

సాయంత్రం ఇంటికెళ్ళి ఈ సంగతి మొగుడికి చెప్పింది. ఆయన బస్సు కండక్టరు. రోజంతా నిలబడి వాచిన కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని, ఆమె చెప్పేదానికి ఊకొడుతూ కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఊకొట్టడమే కాపురం నిలబెట్టే మంత్రమని ఆయన ఎప్పుడో గ్రహించాడు.

"మరి పెద్దమ్మ ఏమంది?"

"ఏమంటుంది. ఒప్పుకుంది."

"ఒప్పుకుందా, ఊరుకుందా?"

"రెండూ ఒకటే."

"ఒకటెలా అవుతుందే. మా బస్సులో టిక్కెట్టు కొననివాడే గంతులేసి అరుస్తాడు. కొన్నవాడు కుక్కిన పేనులా జేబులు వెతుక్కుంటాడు, ఎక్కడ పెట్టానా అని."

బస్సు బుద్ధి బస్సులోనే ఉంచుకొమ్మని చెప్పి ఆమె లోపలికి పోయింది. వేణ్ణీళ్ళు చల్లారేదాకా ఆయన అక్కడే కూర్చున్నాడు.

బావమరిది బట్టీ వెలిగించాడు. పచ్చికుండలు ఆరి సిద్ధంగానే ఉన్నాయి. పెద్దమ్మైతే సన్నమంటతో మొదలుపెట్టి, కుండల్లో తడి పోయేదాకా బట్టీ ముందునుంచి కదలదు. ఇతగాడికి అంత ఓపికెక్కడిది? దుంగలు కుక్కి, మంట బుసకొడుతుంటే చెట్టుకిందికి పోయి కుర్చీ జరుపుకున్నాడు. చల్లారాక తీసిన కుండల్లో నీళ్ళు పోస్తే బకెట్ చిటికెలో నిండింది. "చూశారా, ఆవిడ కుండల్లో నీళ్ళు దేకేవి, నా కుండల్లో పరిగెడుతున్నాయి" అని ఊరంతా చెప్పుకున్నాడు. వడపోత కుండలో నీళ్ళు పరిగెత్తడమంటే జల్లెడలో పిండి నిలవకపోవడంలాంటిదని చెప్పే ఓపిక చుక్కలమ్మకు లేదు. పళ్ళెమే చెబుతుందిలే అనుకుంది.

పళ్ళెం చెప్పింది. నిండా ఎర్రచుక్కలు. ఆమె ఆ పళ్ళేన్ని యజమాని ముందు పెట్టినప్పుడు పెద్దమ్మ విషయంలో ఉన్న వేగం ఆయనలో కనబడలేదు. మళ్ళీ ఒకసారి చూడమన్నాడు, తొందరపడి ఒక మనిషి మీద నింద వెయ్యకూడదన్నాడు. వడ్డించేవాడు మనవాడైతే ఆఖరి బంతైనా ఒకటే కదా. ఈలోగా బావమరిది మొహం కందగడ్డలా చేసుకుని పరీక్షగదికి వచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రావొద్దని ఆమె చెయ్యి అడ్డంపెట్టింది.

"ఆవిడ కాల్చినా చుక్కలే, నేను కాల్చినా చుక్కలే," అన్నాడు. "నీ పళ్ళెంలో మరిగించిన నీళ్ళు పోసినా చుక్కలొచ్చేట్టున్నాయి."

వాడు తెలిసి అన్న మాట కాదు. కడుపుమంట కొద్దీ నోటికొచ్చింది అన్నాడు. కాని చుక్కలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. మరిగించి చల్లార్చిన నీళ్ళతో అప్పుడప్పుడూ పరీక్షను పరీక్షించుకోవాలని ఆమెకు చదువు చెప్పినవాళ్ళు చెప్పారు. మొదట్లో చేసేది కూడా. ఎప్పుడూ పళ్ళెం ఖాళీగానే వచ్చేది. సూర్యుడు తూర్పునే పొడిచాడా అని రోజూ లేచి చూసుకోవడంలా తోచి మానేసింది.

"రేపు రండి," అంది. "మరిగించిన నీళ్ళకు ఏమొస్తుందో మీ కళ్ళతోనే చూద్దురు గాని."

నీళ్ళు సలసలా కాగేదాకా మరిగించి, మూతపెట్టి చల్లార్చింది. కుండ లేని ఖాళీ బకెట్లో పోసి, కుళాయి తిప్పి, పళ్ళెంలోకి పట్టింది. రేపు వాడి మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ పెట్టె తలుపు మూసింది. చాలా రోజుల తరవాత ఆమెకు పని హాయిగా అనిపించింది.

మర్నాడు బావమరిది రాలేదు. అలాంటి పందెమొకటి ఉన్నట్టే అతనికి గుర్తులేదు. చుక్కలమ్మ ఒక్కతే పెట్టె తెరిచి, పళ్ళెం కిటికీ వెలుతురుకెత్తింది.

ఎర్రచుక్కలు.

మొదట ఆ దద్దమ్మే ఏదో చేసిపోయాడనుకుంది. గది తాళం తన దగ్గరే ఉంది. నీళ్ళు సరిగ్గా మరగలేదేమో అనుకుంది. మరిగాయి, తన కళ్ళముందే మరిగాయి. పళ్ళెం చూసింది, బకెట్ చూసింది. బకెట్ అద్దంలా ఉంది, తనే తోమింది. ఇక మిగిలింది కుళాయి. దాన్ని విప్పడం ఆమె పుట్టి బుద్ధెరిగి చెయ్యలేదు. అది కడిగేవాళ్ళ పని. తొడుగులు వేసుకున్న చేతులు జారుతుంటే తొడుగులు తీసేసి, గోళ్ళు విరిగేట్టు తిప్పింది. మర లోపల రబ్బరు బిళ్ళ ఉంది. దాని చుట్టూ తెల్లగా, జిగటగా, చేప ఒంటిమీద జిగురులా పేరుకుని ఉంది. వేలు పెడితే సాగింది.

పొట్టిపిన్ని బకెట్లు ఎక్కడ కడిగేదో, ఎలా కడిగేదో ఆమె ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు కిటికీలోంచి మాటవరసకన్నట్టు అడిగితే, పొట్టిపిన్ని మొహం తిప్పకుండానే, "బట్టీ పక్కన మరిగే నీళ్ళలో కుళాయిలు ఊడదీసి వేసేదాన్ని. ఇప్పుడు మీరే కడుక్కుంటున్నారుగా" అని చెప్పి తన దారిన పోయింది.

చుక్కలమ్మ బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. ఈ నెలరోజులుగా తను లెక్కపెట్టిన చుక్కలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. గదిమూల ఒక బకెట్లో పెద్దమ్మ కాల్చిన కుండ ఒకటి ఇంకా నానుతోంది. పరీక్షకు తెచ్చినది, పగలగొట్టేటప్పుడు ఎవరికీ గుర్తురాక మిగిలిపోయినది. కుళాయిలన్నీ విప్పి మరగబెట్టింది. మళ్ళీ బిగించింది. ఆ కుండ నీళ్ళు ఒక పళ్ళెంలో, బావమరిది కుండ నీళ్ళు ఒకదాంట్లో, మరిగించిన నీళ్ళు ఒకదాంట్లో పట్టింది. ఆ రాత్రి, పెద్దమ్మ కుండకు కూడా చుక్కలు రావాలని కోరుకుంది. నిజంగా కోరుకుంది. వస్తే తను చెప్పింది కొంతైనా నిజమవుతుంది.

రాలేదు. మరిగించిన నీళ్ళ పళ్ళెమూ, పెద్దమ్మ కుండ పళ్ళెమూ కడిగినట్టు ఖాళీగా ఉన్నాయి. బావమరిది పళ్ళెం మాత్రం ఎర్రగా అలుక్కుపోయి ఉంది.

ఆ ఉదయమే గేటు దగ్గర లారీ నిలబడింది. బావమరిది కుండల్ని గడ్డిలో పొదిగి ఎక్కిస్తున్నారు. చుక్కలమ్మ మూడు పళ్ళేలూ పట్టుకుని యజమాని గదికి పరిగెత్తినంత పని చేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది. పెద్దమ్మ కుండలు మంచివని, తప్పు కుళాయిదని, కుళాయి తప్పు తనదని ఒప్పుకుంది. యజమాని ఓపిగ్గా విన్నాడు. వింటున్నకొద్దీ ఆయన మొహం విప్పారింది.

"అంటే మావాడి కుండలకొచ్చిన చుక్కలు కూడా కుళాయివేనన్నమాట."

"కాదు. కుళాయి మరగబెట్టాక కూడా వాటికి వచ్చాయి. అవి చీలిపోయిన కుండలు. పేటలో జనం అసలే..."

"అమ్మా, మొన్న ఒక మాట చెప్పావు. ఇవాళ ఇంకో మాట చెబుతున్నావు. రేపు మూడోది చెప్పవని నాకేమిటి నమ్మకం?" అన్నాడు మెత్తగా. "కుళాయి సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. అంతటితో వదిలెయ్. నీకు మాట రాదు, నాకు లారీ ఆగదు."

ఇన్నేళ్ళలో ఆమెను ఎవరూ అలా చూడలేదు. ఆయన చూపులో కోపం లేదు, తామిద్దరూ ఒకటే అన్న చనువుంది. ఆ చనువు ఆమెకు తిట్టుకన్నా జుగుప్సగా అనిపించింది. పళ్ళేలు అక్కడే వదిలేసి బయటికొచ్చింది.

పొట్టుగదిలో దుమ్ము పొగమంచులా లేచి ఉంది. పెద్దమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, కాళ్ళు బారచాపి జల్లెడ ఆడిస్తోంది. చుక్కలమ్మ గుమ్మంలో నిలబడి దగ్గింది.

"పెద్దమ్మా," అంది.

"ఇవాళ గుర్తొచ్చిందా వరస," అంది పెద్దమ్మ జల్లెడ ఆపకుండా.

చుక్కలమ్మ చెప్పింది. యజమానికి చెప్పినప్పటికన్నా ఇక్కడ చెప్పడం కష్టమైంది. అక్కడ ఎదురుగా ఉన్నవాడు వెధవ. ఇక్కడ ఆ ధీమా లేదు. పెద్దమ్మ జల్లెడలో పొట్టంతా రాలిపోయేదాకా ఆడించి, మిగిలిన ముతక పక్కన దులిపి, జల్లెడ గోడకు చేరవేసింది. ముక్కుమీది గుడ్డ కిందికి లాగింది.

"నన్ను ఎక్కడ అన్నావ్?"

"యార్డులో."

"మరి ఇక్కడ చెబుతావేం? అందరి ముందూ అన్నదానివి అందరి ముందూ చెప్పు. లారీ పోకముందే చెప్పు."

చుక్కలమ్మ యార్డులోకి నడిచింది. వెనకాల పెద్దమ్మ పొట్టు దులుపుకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకుంది. లారీ పక్కన నిలబడి, ఎక్కించడం ఆపమని చుక్కలమ్మ గట్టిగా అంది. ఆ గొంతు అలవాటైనదే కాబట్టి అందరూ ఆగారు. తరవాత వచ్చిన మాటలే అలవాటు లేనివి. పెద్దమ్మ కాల్చిన కుండల్లో ఏ లోపమూ లేదని, పరీక్ష బకెట్ కుళాయి తను కడగలేదని, కడిగేవాళ్ళను రానివ్వలేదని, మంచి కుండల్ని చెడ్డవని చెప్పానని, లారీలో ఉన్నవి మాత్రం నిజంగా చెడ్డవని చెప్పింది. చెప్పి, ఏ తిట్టైనా పడడానికి సిద్ధపడి నిలబడింది. ఆమె మనసులో ఎక్కడో, ఇంత ధైర్యంగా ఒప్పుకుంటే కాస్త గౌరవమైనా దక్కుతుందన్న ఆశ కూడా లేకపోలేదు.

ఎవరూ తిట్టలేదు. పొట్టిపిన్ని చంకలో తట్ట సర్దుకుంటూ, "ఈసారి ఎవరు చెప్పమన్నారు మేడమ్?" అంది.

నవ్వులు లేచాయి. మట్టి పిసికే అతనొకడు, "బావాబావమరుదులకు చెడినట్టుందిరోయ్" అన్నాడు. ఇంకొకడు అవునన్నట్టు కన్ను గీటాడు. వాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. అప్పుడు యజమాని ఆడించినట్టు ఆడి పెద్దమ్మను దింపింది, ఇప్పుడు ఇంకెవరో ఆడిస్తే ఆడుతోంది. ఇన్నాళ్ళూ వాళ్ళు తనను అనుకుంటున్నది ఇదని చుక్కలమ్మకు అప్పుడు తెలిసింది. తను వాళ్ళను బెడ్డల్లా దాటిపోతుంటే, వాళ్ళు తనను యజమాని కుక్కపిల్లగా చూస్తూ కూర్చున్నారు.

లారీ డ్రైవరు మాత్రం నవ్వలేదు. అతను కాలువ అవతలి పేటవాడు. "నిజమో అబద్ధమో నాకెందుకు గాని, మా ఇంట్లో పడకేసినవాళ్ళు ఇద్దరున్నారు. అనుమానపు కుండ నా బండి ఎక్కదు" అని తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. గొడవ విని యజమాని బయటికొచ్చాడు. ఒక్క క్షణం లారీని చూశాడు, జనాన్ని చూశాడు. వెంటనే, తనకూ మొదట్నుంచీ అనుమానంగానే ఉందని, పెద్దమ్మ చేతికి సాటి ఎవరని, ఈ పూటే బట్టీ చూసుకోమని గట్టిగా ప్రకటించాడు. ఊసరవెల్లి కూడా రంగు మార్చడానికి కాస్త సమయం తీసుకుంటుంది. బావమరిది తన కుండల్ని తను పగలగొట్టాలన్న సంగతి ఎవరో గుర్తుచేశారు. చెట్టుకింద కుర్చీ ఖాళీగా ఉంది.

"మళ్ళీ కుండలెప్పటికి పెద్దమ్మా?" అని అడిగాడు డ్రైవరు.

"మట్టి నొక్కాలి. ఆరాలి. కాలాలి. వాన పట్టకపోతే పది రోజులు."

"అందాకా మావాళ్ళు ఏం తాగుతారు?"

పెంకులపొడి గుట్ట యార్డు మూల అలాగే ఉంది. ఇంకా మట్టిలో కలపలేదు. డ్రైవరు దానివైపు చూసి, లారీ ఎక్కి, ఖాళీ బండి తోలుకుపోయాడు. ఎవరి పనికి వాళ్ళు కదిలారు.

చుక్కలమ్మ అక్కడే ఉండిపోయింది. ఆ గుట్ట పాపం తను ఒక్కతే మొయ్యాల్సి రావడం ఆమెకు అన్యాయంగా తోచింది. పాతబుద్ధి ఎక్కడికి పోతుంది? పెద్దమ్మ బట్టీ వైపు పోతుంటే అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"మీరైనా ఎదురు చెప్పాల్సింది. మీ కుండలు మంచివని మీకు తెలుసుగా, మళ్ళీ పరీక్షించమని ఒక్కసారి అడగాల్సింది. మాట్లాడకుండా అన్నీ పగలగొట్టేశారేం?"

పెద్దమ్మ ఆగింది. కనుబొమ్మలు లేని ఆ మొహంలో ఏముందో కనిపెట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

"అడుగుదామనే అనుకున్నా," అంది. "వీళ్ళంతా ఆ రోజే చెప్పారు, అది యజమాని పాటే పాడుతోంది పెద్దమ్మా, కొట్టకు, గొడవ చేద్దాం అని. నేనే తగువు పెట్టుకున్నా వీళ్ళతో. ఆ పిల్లకు పొగరు తలదాకా ఉంది గాని అబద్ధం మాత్రం రాదర్రా, అది చెడ్డవందంటే చెడ్డవే అన్నా. నీ మాట నమ్మి కొట్టా. లేకపోతే నా చెయ్యి లేచేదా?"

అని, ఆమెను తప్పించుకుని, బట్టీ నోట్లో బావమరిది వదిలేసిన బూడిద ఎత్తడానికి వంగింది.

చుక్కలమ్మకు, అందరితో పాటు పెద్దమ్మ కూడా తనను అబద్ధాలకోరు అనుకుని ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. అప్పుడు ఆ కుండలు ఉండేవి, ఈపాటికి పేటలో ఇంటింటా నీళ్ళు దిగుతూ ఉండేవి. పొట్టిపిన్ని తట్టతో పక్కనుంచి పోతూ, దారికడ్డంగా ఉన్న బెడ్డను తప్పించుకున్నట్టు ఆమెను తప్పించుకుని పోయింది.